ఎవర్ని చూసి నవ్వుదాం?

కంభంలోగానీ, గిద్దలూరులోగానీ, మార్కాపురంలోగానీ ఏ స్కూలు వార్షికోత్సవానికైనా వెళ్ళి కూచోండి. లేదూ, తిరునాళ్ళలో నాటిక ఆడుతుంటే చాప చంకన పెట్టుకుని ముందు వరసలో చేరండి. గంట తిరక్కుండా ఒక పిచ్చోడు స్టేజీ మీదికి రాకపోతే నన్నడగండి. చిరిగిన చొక్కా, ఒక కాలికే చెప్పు, చెవిలో మందారప్పువ్వు, మెడలో డబ్బాల దండ. వాడికి డైలాగులు కూడా అక్కర్లేదు. మైకు ముందుకొచ్చి గుడ్లు తిప్పి హిహిహీ అంటే చాలు, పందిరి లేచిపోయేట్టు చప్పట్లు. పాపం, నాటిక రాసినాయన మూడు నెలలు కూచుని రాసుకున్న హాస్యానికి ఒక్కరూ నవ్వలేదు, ఈ హిహిహీకి మాత్రం ఊరంతా నవ్వింది!

సరదాకి వేసిన వేషం, దీనికింత రాద్ధాంతమెందుకమ్మా అంటారా? కాస్త లెక్క చూడండి. ఆ వేషం కట్టిన కుర్రాడికి పదహారేళ్ళు. ఎదురుగా పొట్ట పట్టుకుని నవ్వే పిల్లలకీ పదిహేను, పదహారు, పదిహేడు. ఎవరూ మాట్లాడకపోయినా గొంతులు వినిపించడం, ఎవరూ తరమకపోయినా తరుముతున్నారని గట్టిగా నమ్మడం, ఇలాంటి లక్షణాలున్న స్థితిని డాక్టర్లు సైకోసిస్ అంటారు. అది చాలామందిలో మొదటిసారి తల ఎత్తేది పదిహేను పదహారేళ్ళ నుంచి ముప్ఫై లోపలే. అంటే మన ఇళ్ళల్లో ఇంటర్ పరీక్షలూ, కోచింగులూ, పెళ్ళిచూపులూ జరిగే వయసులోనే.

ఆ పందిట్లో కూచున్న పిల్లల్లో ఏ ఒక్క అమ్మాయికో మరుసటేడు రాత్రిళ్ళు నిద్ర కరువవుతుంది. గోడ అవతల్నించి ఎవరో పేరు పెట్టి తిడుతున్నట్టు వినిపిస్తుంది. ఎవరితో చెప్పుకుంటుంది? పక్క బెంచీ స్నేహితురాలితోనా? ఆ పిల్ల కూడా మందారప్పువ్వుని చూసి నవ్విన పిల్లేగా! అందుకని చెప్పుకోదు. మింగుకుంటుంది. అట్లా మింగుకున్న నెలలు ఎన్ని పెరిగితే వైద్యం అంత కష్టమవుతుందని మానసిక వైద్యులు ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. అయిదు నిమిషాల నవ్వుకి ఒక పిల్ల ఎంత వెల కట్టిందో చూశారా?

అయితే ఒక్క మాట. జబ్బుల మీద హాస్యం పనికిరాదని ముఖం గంటు పెట్టుకునే జట్టులో నేను లేను. నిజానికి ఆ జట్టు మీద కూడా నాకు కోపమే. వాళ్ళ కథల్లో మతి తప్పిన మనిషి ఆఖరి రంగంలో చావాల్సిందే, లేకపోతే తలకి దెబ్బ తగిలి చిటికెలో బాగుపడాల్సిందే. 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది' సినిమాలో సావిత్రి నర్సు. ప్రేమ నటించి రోగి మనసు కుదురుస్తుంది, చివరికి తన మతి పోగొట్టుకుంటుంది. సావిత్రి నటనకి దణ్ణం పెడతాను. కానీ ప్రేమ నటించి జబ్బు నయం చేసే నర్సు ఏ ఆసుపత్రిలో వుంటుందండీ? ఆ కథ చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళకి మిగిలిందేమిటి? పిచ్చికి మందు ప్రేమ అనే భ్రమ. మన వూళ్ళో ఆ భ్రమకి ఇంకో పేరుంది. పెళ్ళి. దాని సంగతికి తర్వాత వస్తాను.

నా పేచీ అంతా నవ్వు ఎవరి మీద పడుతోందన్న దగ్గరే. పదహారేళ్ళ పిల్లకి సైకోసిస్ వచ్చిందనే కథతో ఒక హాస్యనాటిక రావాలి, కంభంలోనే ఆడాలి, మనమంతా కడుపు చెక్కలయ్యేట్టు నవ్వాలి అంటాను నేను. ఆ పిల్లని చూసి మాత్రం కాదు. ఆ పిల్ల చుట్టూ చేరి మనం చేసే తైతక్కల్ని చూసి.

ఇదేదో కొత్తగా విదేశాల నుంచి తెచ్చుకోవాల్సిన విద్యని కంగారు పడకండి. పధ్నాలుగు వందల ఏళ్ళ కిందట, ఏడో శతాబ్దంలో, కంచిని ఏలిన పల్లవరాజు మహేంద్రవర్మ 'మత్తవిలాసం' అని సంస్కృతంలో ఒక ప్రహసనం రాశాడు. అందులో ఒక కాపాలికుడి పుర్రె పోతుంది, అంటే ఆయన భిక్షాపాత్ర. దాన్ని నువ్వే దొంగిలించావంటూ ఒక బౌద్ధభిక్షువుని పట్టుకుంటాడు. తీర్పు చెప్పడానికి ఒక పాశుపతుడు తయారవుతాడు. అందరూ శాస్త్రాలు చదివినవాళ్ళే, అందరూ వాదించేవాళ్ళే. ఇంతకీ ఆ పుర్రెని ఎత్తుకుపోయింది ఒక కుక్క. కుక్క నోట్లోంచి లాక్కుని, దాన్ని తెచ్చేది ఎవరనుకున్నారు? ఒక పిచ్చివాడు! బుద్ధిమంతులంతా గొంతులు చించుకుంటుంటే అసలు వస్తువు పిచ్చివాడి చేతిలో వుంటుంది. నవ్వు ఎవరి మీద పడిందో చూశారా? రాజుగారికి తెలిసిన ఈ కిటుకు మన వార్షికోత్సవాల పంతుళ్ళకి తెలియకుండా పోయింది.

అంత దూరం ఎందుకు, మన 'కన్యాశుల్కం' లేదూ! 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. పసిపిల్లని ముసలాడికి అమ్మడం కంటే ఏడుపు పుట్టించే విషయం వుంటుందా? గురజాడ దాన్ని పట్టుకుని నవ్వించాడు. కానీ సుబ్బి మీద ఎవరైనా నవ్వుతారా? ఆ పిల్ల రూపాయలు ఎంచుకునే తండ్రి మీద, సంబంధానికి సిద్ధమైన లుబ్ధావధాన్లు మీద, ఇంగ్లీషు దంచే గిరీశం మీద నవ్వుతాం. అదే నాటకంలో పూజారి గవరయ్య గుర్తున్నాడా? దయ్యాల్ని పట్టి సీసాలో బిగిస్తానని బయల్దేరతాడు. ఆ సీసా చూసి నవ్వని తెలుగువాడు లేడు. అంత నవ్వుకున్న జాతి, ఇవాళ కూతురు నాలుగు రాత్రులు నిద్రపోకపోతే ముందు ఎవరి ఇంటికి పరిగెడుతోంది? గవరయ్య ఇంటికే! సీసా ఒక్కటే మారింది.

ఇప్పుడు మన సామెత దగ్గరికి వద్దాం. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు. ఇంతకు మించిన ప్రహసనం ఎవరు రాయగలరు చెప్పండి! రెండు ముక్కల్లో రెండంకాలు. నాకు నాటకాలు రాయడం రాదుగానీ, రాయగలిగినవాళ్ళు ఎవరైనా వుంటే దారి చూపిస్తాను.

వూరు కంభమే అనుకోండి. ఇంటర్ రెండో ఏడు చదివే పిల్ల. మొదటి రంగంలో పుస్తకం తెరిచి వుంటుంది, పేజీ తిరగదు. ఫ్యాను చప్పుడులో ఎవరో తిడుతున్నారంటుంది. అంతే, ఇంట్లో కచేరీ మొదలు. అవ్వ "దిష్టమ్మా, ఎండు మిరపకాయలు తియ్యండి" అంటుంది. నాయన "అదంతా ఆ సెల్లు వల్లే, లాక్కోండి ముందు" అంటాడు. మేనమామ గిద్దలూరు నుంచి ఫోనులోనే "పొద్దుగూకినాక చెరువుకట్ట మీద తిరిగిందేమో చూడండి, గాలి సోకి వుంటుంది" అంటాడు. పక్కింటి వదిన "మా ఆడపడుచు కూతురికీ ఇట్లాగే అయితే పెళ్ళి చేశారు, చక్కబడింది" అంటుంది. కాలేజీ నుంచి వచ్చినాయన "అదంతా టెన్షనండీ, ముందు ఫీజు బాకీ కట్టండి" అంటాడు. అందరూ ఒకేసారి, ఒకరి మీద ఒకరు గొంతు పెంచి. పిల్ల నడిమధ్య కూచుని అందరి మొహాలూ చూసి, మెల్లిగా అంటుంది: "నాకు లోపల వినిపించేది రెండు గొంతులే. బయట అయిదున్నాయి. ముందు వీటికేమన్నా మందుందేమో కనుక్కోండి."

పందిరి నవ్వుతుంది. నవ్వాలి కూడా. ఎందుకంటే ఆ అయిదు గొంతుల్లో మన గొంతు మనకి వినపడుతుంది.

రెండో రంగంలో మంత్రగాడు వస్తాడు. వేపమండ ఊపి "నీ పేరు చెప్పు, చెప్పకపోతే వదలను" అని ఉరుముతాడు. పిల్ల "అది పేరు చెప్పదు స్వామీ, ఫీజు కూడా అడగదు" అంటుంది. మూడో రంగం పెళ్ళిచూపులు. పిల్ల తల్లి బిళ్ళల్ని ఇంగువ డబ్బాలో దాస్తుంది. అవతల పిల్లాడి తల్లి, కొడుకు ఉద్యోగం ఊడిన కాగితాన్ని చేతిసంచీలో అడుగున దాస్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూచుని "మావాళ్ళకి అబద్ధమంటే గిట్టదండీ" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. కాఫీలు అయ్యాక పిల్ల నోరు విప్పుతుంది. "నాకు జబ్బుంది, మందులు వాడుతున్నాను, ఇప్పుడు బాగానే వున్నాను. మీ సంగతేమిటి?" ఆ గదిలో స్పృహ తప్పకుండా మిగిలేది ఆ పిల్ల ఒక్కతే!

చూడండి, ఇంత సేపూ నవ్వుకున్నాం. ఒక్కసారైనా ఆ పిల్లని చూసి నవ్వామా? పైగా నాటకంలో అందరికంటే మంచి డైలాగులు ఆ పిల్లవే. ఇది జాలిపడి ఇచ్చిన దానం కాదు. జబ్బు వచ్చినంత మాత్రాన మనిషి తెలివీ, చమత్కారం, మొండితనం అన్నీ ఊడ్చుకుపోవు. గొంతులు వినిపించే పిల్లకి జోకులూ తోస్తాయి, కోపమూ వస్తుంది, ఆకలీ వేస్తుంది. ఏడిపించే నాటికలవాళ్ళు ఈ ముక్క మరిచిపోయి ఆ పిల్లని దేవత చేసి మూల కూచోబెడతారు. నవ్వించే నాటికలవాళ్ళు డబ్బాల దండ వేస్తారు. మనిషిగా చూసేది ఎవరూ?

ఇలా చెబుతుంటే, పుట్టెడు బాధలో వున్న పిల్ల మీద నవ్వేమిటని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. బాధని తీపి చేసి అమ్మే హాస్యం నాకూ ఇష్టం లేదు. 1944లో అమెరికాలో మేరీ చేజ్ అనే ఆవిడ 'హార్వే' అని ఒక హాస్యనాటకం రాసింది. అందులో పెద్దమనిషికి ఆరడుగుల పైచిలుకు కుందేలు ఒకటి కనిపిస్తుంటుంది, మిగతా లోకానికి కనిపించదు. దానికి మరుసటేడు పులిట్జర్ బహుమతి కూడా ఇచ్చారు. చూడ్డానికి ముచ్చటగానే వుంటుంది. కానీ మన పిల్లలకి వచ్చేవన్నీ మర్యాదగల కుందేళ్ళు కాదు. ఆ గొంతులు చాలాసార్లు తిడతాయి, బెదిరిస్తాయి, చచ్చిపొమ్మంటాయి కూడా. దాన్ని కుందేలుగా చూపిస్తే మందు ఎందుకులే అనిపిస్తుంది. అందుకే నేనడిగే నాటికలో జబ్బు బొమ్మ కాకూడదు. పిల్ల భయపడినప్పుడు పందిరంతా గమ్మున వుండాలి. మన ఆర్భాటం మొదలైనప్పుడే నవ్వు రావాలి. ఈ తేడా తెలిసినవాడే హాస్యం రాయాలి, తెలియనివాడు రికార్డు డాన్సు పెట్టుకోవచ్చు.

పెళ్ళి సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. స్టేజీ మీద పిల్ల నిజం చెప్పేసింది. అసలు ఇళ్ళల్లో చెప్పనివ్వం. తల్లి బిళ్ళల్ని పేరు కాగితం చింపేసి, బలం బిళ్ళలని చెప్పి సంచీలో పెడుతుంది. అత్తగారింట్లో చూస్తే ఎట్లా అని పదో రోజుకి అదీ మానిపిస్తారు. ఈ మందులు అట్లా తటాలున మానేస్తే జబ్బు తిరగబెట్టడం చాలా మామూలు. నిద్ర పోతుంది, మళ్ళీ గొంతులు వస్తాయి. అప్పుడు అత్తగారు "మోసం చేసి అంటగట్టారు" అంటుంది. పిల్ల పెట్టెతో సహా బస్సెక్కి పుట్టింటికి వస్తుంది. కొన్నిచోట్ల చంకలో బిడ్డతో వస్తుంది. పెళ్ళితో కుదురుతుందన్న పిచ్చి అలా రెట్టింపై తిరిగొస్తుంది. వదినగారి ఆడపడుచు కూతురు చక్కబడిందో, చక్కబడిందని చెప్పుకున్నారో ఎవరు చూశారు?

చట్టం సంగతి కూడా మనం తెలుసుకోవాలి. హిందూ వివాహ చట్టాన్ని 1976లో సవరించినప్పుడు విడాకులకు కారణమయ్యే మానసిక వ్యాధుల వివరణలో స్కిజోఫ్రీనియాని పేరు పెట్టి మరీ చేర్చారు. సైకోసిస్‌తో వచ్చే జబ్బుల్లో అదే మనం ఎక్కువగా వినేది. అయితే జబ్బు పేరు చూపించినంత మాత్రాన విడాకులు రావు, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రంగా వుందని రుజువు చెయ్యాలి అని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. మరోపక్క, ముఖ్యమైన సంగతి దాచి మోసంతో చేసిన పెళ్ళిని రద్దు చెయ్యమని అడిగే దారి కూడా అదే చట్టంలో వుంది. అంటే దాచిపెట్టి చేసిన పెళ్ళిలో నష్టపోయేది ముందు మన పిల్లే. చెప్పి చేస్తే సంబంధం ఒకటి పోతుందేమో. దాచి చేస్తే పిల్లే పోతుంది.

సినిమావాళ్ళ సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. వాళ్ళ హాస్యంలో ఎర్రగడ్డ ఒక పాత్ర. ఆ ఆసుపత్రి పేరు చెబితే నవ్వు, కరెంటు షాకు పెడితే ఇంకా నవ్వు, జుట్టు నిక్కబొడుచుకుంటే మరీ నవ్వు. మత్తుమందు ఇవ్వకుండా ఆ చికిత్స చెయ్యడాన్ని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఆ చట్టం 2017లో చేసి 2018 నుంచి అమలు చేస్తున్నారు. మైనరు పిల్లలకైతే సంరక్షకుల ఒప్పుకోలూ, బోర్డు అనుమతీ కూడా కావాలంటుంది. సినిమాలో షాకు చూసిన తల్లి, ఆసుపత్రి పేరెత్తితే వణికిపోతుంది. తప్పు ఆ తల్లిదా?

2019లో హిందీలో 'మెంటల్ హై క్యా' అని ఒక సినిమా తీస్తే మానసిక వైద్యుల సంఘం ఆ పేరు మీద అభ్యంతరం చెప్పింది. మార్కాపురం పలక మీద ఒక అక్షరం తుడిచి ఇంకొకటి దిద్దినట్టు 'జడ్జిమెంటల్ హై క్యా' అని మార్చి విడుదల చేశారు. మంచిదే. కానీ మన తెలుగులో 2009లో 'మెంటల్ కృష్ణ' వచ్చినప్పుడు మనలో ఎంతమందికి ఆ పేరు ముల్లులా గుచ్చుకుంది? ఇంట్లో పిల్లాడు అల్లరి చేస్తే "మెంటల్ గాడా" అంటాం, కోడలు గట్టిగా మాట్లాడితే "దానికి మెంటలు" అంటాం. ఆ మాటలన్నీ గదిలో మూల కూచున్న పిల్ల వింటూనే వుంటుంది.

తల్లుల మాట వచ్చింది కనక ఇంకొకటి. ఇలాంటి కథ ఏదైనా రాస్తే చివరికి తప్పు తల్లి పెంపకం మీదికే నెడతారు. గారాబం చేసిందని కొందరు, కొట్టి పెంచిందని కొందరు. మనవాళ్ళే కాదు, పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళూ ఈ పనే చేశారు. 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రామ్-రైఖ్‌మన్ అనే వైద్యురాలు, ఈ జబ్బుని పుట్టించే తల్లి అని అర్థం వచ్చేట్టు ఒక మాట పుట్టించింది. ఆడదే ఆడవాళ్ళ మీద! ఎన్నో ఏళ్ళు లోకంలో తల్లులు ఆ నింద మోశారు. తర్వాత పరిశోధనల్లో అది నిలవలేదు. వంశంలో వచ్చే లక్షణాలూ, మెదడు పనిచేసే తీరూ, జీవితంలో తగిలే దెబ్బలూ, గంజాయి లాంటి మత్తులూ, ఇలా ఎన్నో కలిసి తెచ్చే జబ్బు అని ఇవాళ అంటున్నారు. తల్లిని దోషిగా నిలబెట్టే నాటిక ఎవరైనా వేస్తే మధ్యలో లేచి అడగండి, మొహమాటపడకండి.

మరి దీనికి మందుందా అంటే వుంది. 1952లో పారిస్‌లో మొదటిసారి క్లోర్‌ప్రొమజీన్ అనే మందు ఈ రోగులకి వాడి చూశారు. అప్పట్నించి మందులు ఎన్నో వచ్చాయి. అందరికీ పూర్తిగా తగ్గుతుందని నేను అబద్ధం చెప్పను. కొందరికి మళ్ళీ రాదు, కొందరికి వచ్చి పోతుంటుంది, కొందరు ఎప్పటికీ మందు మీదే వుండి చదువుకుని ఉద్యోగాలు చేస్తారు. షుగరు బిళ్ళ వేసుకునే మామగారిని చూసి ఎవరూ నవ్వడం లేదే!

కానీ ఆ మందు దాకా చేరేదెట్లా? 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, మానసిక జబ్బు వున్నవాళ్ళలో చికిత్స అందనివాళ్ళు జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా వున్నారని తేలింది. కంభం నుంచి ఒంగోలు పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే నూరు కిలోమీటర్లకి పైమాటే. బస్సులో కూచుంటే "ఎక్కడికమ్మా, పిల్లకేమైంది?" అని అడిగేవాళ్ళు డజను మంది. కడుపునొప్పి అంటుంది తల్లి. ఆ కడుపునొప్పి అబద్ధం ఆడాల్సిన పని లేకుండా చెయ్యడానికే నేను నాటిక కావాలంటున్నాను. ఆసుపత్రి దూరాన్ని నాటిక తగ్గించలేదు. సిగ్గు దూరాన్ని తగ్గించగలదు.

సిగ్గు ఎంత దూరం తీసుకెళుతుందో ఏర్వాడిలో చూశాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఆ వూళ్ళో పాకకి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి వున్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. మొక్కుకుంటే నయమవుతుందని ఇంటివాళ్ళు వదిలిపెట్టినవాళ్ళే వాళ్ళు. ఇవాళ రోగిని గొలుసుతో కట్టడం ఏ రూపంలోనైనా చట్టవిరుద్ధం. గుడికీ దర్గాకీ వెళ్ళొద్దని నేననను, మొక్కు మొక్కుకోండి, దణ్ణం పెట్టుకోండి. ఏ దేవుడూ బిళ్ళ మానెయ్యమని చెప్పలేదు.

మన కంభం చెరువు వుంది. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకి అడ్డంగా కట్టిన కట్ట అది. వరదరాజమ్మ కట్టించిందని పేరు. శతాబ్దాలు దాటి నిలిచింది, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా తెచ్చుకుంది. కట్ట గట్టిది కావడం ఒక్కటే చాలదండీ, తూములూ అలుగూ లేకపోతే ఎంత గట్టి కట్టయినా ఏదో ఒక వానకి తెగుతుంది. ఇంట్లో దాచిపెట్టిన జబ్బూ అంతే. మంచి హాస్యం ఆ తూము పని చేస్తుంది. ఏడుపుతో చెప్పుకోలేని మాటని నవ్వుతూ చెప్పుకుంటాం కదా, మీ అత్తగారి సంగతులన్నీ నాతో మీరు చెప్పుకున్నది అట్లాగే!

అందుకని చదివి పక్కన పెట్టెయ్యకుండా ఒక పని చెయ్యండి. స్కూలు వార్షికోత్సవానికి చీరలు కట్టుకుని వెళ్ళేదీ, పిల్లలకి మేకప్పు వేసేదీ, డబ్బాల దండ గుచ్చి ఇచ్చేదీ మనమే. ఈసారి ఆ దండ గుచ్చకండి. "ఈ వేషం ఎందుకు పంతులుగారూ, ఇందులో నవ్వేముందీ?" అని అడగండి. పిల్లల చేత అయిదు గొంతుల రంగం వేయించండి. అవ్వ వేషం మీరే వెయ్యండి, నవ్వు మన మీదే పడనివ్వండి, కొంపలేం మునగవు. నాటిక అయ్యాక మైకులో ఒక నంబరు రెండుసార్లు చెప్పించండి: 14416. టెలి మానస్ అని 2022లో ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోను సేవ అది. తెలుగులో మాట్లాడతారు, ఇరవైనాలుగ్గంటలూ.

పందిట్లో వెనక వరసలో కూచున్న పిల్ల ఆ నంబరు అరచేతిలో రాసుకుంటుందో లేదో మనకి తెలియదు. తెలియక్కర్లేదు కూడా. రాసుకున్నా ఎవరూ చూసి నవ్వరని ఆ పిల్లకి తెలిస్తే చాలు.